డోమ్ పిస్టన్‌కి పాకెట్ కోసే ముందు చూసుకోవాల్సిన కొలతలు

తమ్ముడూ, నువ్వు రాసింది క్లుప్తంగా ఇది. మారుతి ఎస్టీమ్ కారు 1.3 లీటర్ల ఇంజన్, అంటే జీ13బీబీ, 16 వాల్వులది. ఆటోక్రాస్ కోసం, అంటే చిన్న ట్రాక్ మీద టైము చూసే పోటీ కోసం కట్టుకుంటున్నావు. ఎవరో రేసు కోసం చేయించుకుని వాడేసిన డోమ్ పిస్టన్లు, అంటే నెత్తి ఉబ్బెత్తుగా ఉండేవి, నాలుగు చవగ్గా దొరికాయి. బిగించి చేత్తో తిప్పితే రెండో సిలిండర్లో వాల్వు తగిలి క్రాంక్ ఆగిపోయింది. లేతు మేస్త్రి "దానిదేముంది, చేతి గ్రైండర్‌తో నాలుగు గుంటలు పెట్టేస్తా" అన్నాడు. నీకు 11 కంప్రెషన్ (సిలిండర్లో మిశ్రమం ఎన్ని రెట్లు నొక్కుకుంటుందో ఆ అంకె) కావాలి, చేతిలో ముప్పై వేలు ఉన్నాయి.

ఆ పిస్టన్లు వాడుకోవచ్చు, పాకెట్లు, అంటే వాల్వు తగలకుండా పిస్టన్ నెత్తిలో కోసే గుంటలు, కోయించుకోవచ్చు కూడా. కానీ గ్రైండర్‌తో వద్దు, ఇప్పుడప్పుడే వద్దు. పాకెట్ కోత ఈ పనిలో అన్నిటికంటే చివర రావాలి. మన దగ్గర చాలామంది దాన్ని మొదట చేసేస్తారు, తర్వాత హెడ్ ఫేసింగ్ చేయిస్తారు, అంటే సిలిండర్ హెడ్ అడుగు ముఖం కాస్త చెక్కిస్తారు, అప్పుడు మళ్ళీ వాల్వు తగులుతుంది, మళ్ళీ కోస్తారు. రెండోసారి కోసేసరికి పిస్టన్ నెత్తి ఎంత మందం మిగిలిందో ఎవరికీ తెలియదు.

సెల్ఫ్ కొట్టకుండా స్పానర్‌తో తిప్పి చూశావు, అది మంచి పని. అయినా తగిలిన ఆ వాల్వుని ఒకసారి పరీక్షించు. హెడ్ బోర్లా పెట్టి, ప్లగ్ బిగించి, ఛాంబర్లో కిరోసిన్ పోసి పావుగంట ఆగు. పోర్టులోకి చెమ్మ దిగితే వాల్వు వంగినట్టో, సీటు పాడైనట్టో అనుకో.

ముందు ఆశ ఎంత పెట్టుకోవాలో చెప్తాను. పుస్తకంలో ఉండే ఆదర్శ ఆటో సైకిల్ లెక్క ప్రకారం కంప్రెషన్ 9 ఉన్నప్పుడు సామర్థ్యం 58.5 శాతం, 10.5 దగ్గర 61 శాతం. అంటే ఉన్నదాని మీద నాలుగు శాతం పెరుగుదల. ఎస్టీమ్ ఎంపీఎఫ్ఐ (ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉన్నది) కంపెనీ నుంచి వచ్చేటప్పుడే 85 హార్స్‌పవర్. నాలుగు శాతం అంటే మూడున్నర హార్స్‌పవర్. నిజం ఇంజన్లో ఇది కాస్త అటూ ఇటూ ఉంటుంది గానీ, కంప్రెషన్ ఒక్కటి పెంచితే బండి ఎగిరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకు. ఎక్కువ డ్యూరేషన్ ఉన్న, అంటే వాల్వుల్ని ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ వేసేవాడికి ఇది అసలైన అవసరం. ఆ క్యామ్‌లో ఇన్‌టేక్ వాల్వు ఆలస్యంగా మూసుకుంటుంది, పిస్టన్ పైకి వస్తున్నా కొంత గాలి వెనక్కి పోతుంది, కింది ఆర్‌పీఎంలో బండి నీరసిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి కంప్రెషన్ పెంచుతారు. నీది స్టాక్ క్యామ్ అయితే 11 అడగడంలో అర్థం లేదు. గాలి పూర్తిగా లోపలే ఇరుక్కుంటుంది, నాకింగ్, అంటే మిశ్రమం దానంతటదే పేలడం, ముందుగా మొదలవుతుంది. 10.5 దగ్గర ఆగు. ఇక్కడి నుంచి ఆ అంకె పెట్టుకునే రాస్తున్నాను.

పెట్రోలు సంగతి కూడా ఇక్కడే తేల్చేద్దాం. బీఎస్6 వచ్చాక మామూలు పెట్రోలుకి కనీసం 91 రాన్ (నాకింగ్‌ని తట్టుకునే శక్తి చెప్పే ఆక్టేన్ అంకె) ఉండాలి. బీఎస్2 రోజుల్లో అది 88. ఇరవై శాతం ఇథనాల్ కలిపాక ఆక్టేన్ 95 దాకా వెళ్తుందని పెట్రోలియం శాఖే చెప్పింది. ఇథనాల్ ఆవిరయ్యేటప్పుడు లోపలికి వచ్చే గాలిని చల్లబరుస్తుంది, అది కూడా మనకు లాభమే. కానీ దానికి పెట్రోలు ఎక్కువ పోయాలి. ఇథనాల్ లేని పెట్రోలుకి గాలి నిష్పత్తి 14.7 అయితే ఇరవై శాతం కలిపిన ఈ20కి దాదాపు 13.5. పాత ఈసీయూ (పెట్రోలు కొలిచి పోసే కంప్యూటర్) ఫుల్ త్రాటిల్లో పాత మ్యాప్ ప్రకారమే పోస్తుంది, అంటే పెట్రోలు చాలక బండి పలచగా నడుస్తుంది. పలచన మిశ్రమం, పెరిగిన కంప్రెషన్, మే నెల విజయవాడ ఎండ, ఈ మూడూ కలిస్తే పిస్టన్‌ని ఎంత చక్కగా కోసినా నిలబడదు. ఇంజెక్టర్లు శుభ్రం చేయించడానికి, ఫ్యూయల్ ప్రెషర్ కొలిపించడానికి బడ్జెట్లో కొంత పక్కన పెట్టు.

ఇప్పుడు పిస్టన్ దగ్గరికి వద్దాం. అవి పోత పిస్టన్లా, ఫోర్జ్‌డ్ (లోహాన్ని అదిమి చేసిన) పిస్టన్లా అని నువ్వు రాయలేదు. అది తెలియకుండా ఏ కొలతా చెప్పలేం. బోర్లా తిప్పి లోపలికి చూడు. అచ్చు గీతలు, గరుకు గరుకుగా పోత పోసిన గుర్తులు, స్కర్ట్ (రింగుల కింద ఉండే పిస్టన్ పక్కగోడ) లోపల ఉక్కు పట్టీలు కనిపిస్తే పోత పిస్టన్. లోపలి భాగం నున్నగా, పక్కలు నిటారుగా, ఎక్కడికక్కడ మిషన్ కోత కనిపిస్తే ఫోర్జ్‌డ్ అయ్యే అవకాశం ఎక్కువ. నెత్తి లోపలి వైపు గానీ పిన్ బాస్ (పిన్ దూరే దిమ్మ) పక్కన గానీ అంకెలు ఉంటే ఫొటో తీసి ఉంచుకో. కంపెనీ పిస్టన్లలో ఎక్కువ భాగం పన్నెండు శాతం దరిదాపుల్లో సిలికాన్ ఉన్న పోత అల్యూమినియం. వేడికి తక్కువ వ్యాకోచిస్తుంది, ఎక్కువ కాలం మన్నుతుంది, కానీ పెళుసు. నాకింగ్ దెబ్బకి ఫోర్జ్‌డ్ పిస్టన్ ఒంగి, సొట్టపడి కొంత తట్టుకుంటుంది. పోత పిస్టన్ రింగుల మధ్య గట్టు టప్పున విరిగిపోతుంది.

వాడిన పిస్టన్ కాబట్టి కొలతల కంటే ముందు పగుళ్ళు చూడాలి. కార్బన్ అంతా తీసేసి, పిన్ బాస్ చుట్టూ, టాప్ రింగ్ గాడి అడుగున, స్కర్ట్ పైభాగం మొదలయ్యే చోట డై పెనెట్రెంట్ కొట్టించు. ఎర్రరంగు పూసి, తుడిచి, తెల్లపొడి చల్లుతారు, పగులు ఉంటే ఎర్రగీత తేలుతుంది. వెల్డింగ్ పరీక్షలు చేసేవాళ్ళ దగ్గర మూడు డబ్బాల సెట్టుగా దొరుకుతుంది. నాలుగింటిలో ఒక్కదానిలో గీత కనిపించినా సెట్టు మొత్తం పక్కన పెట్టెయ్. ఒక్క పిస్టన్ మార్చి మిగతా మూడూ వాడదామంటే అదే బరువు, అదే డోమ్ ఉన్నది దొరకదు. కొత్త రింగుని టాప్ గాడిలో పెట్టి ఫీలర్ గేజ్ దూర్చి చూడు. 0.1 మిల్లీమీటరు బ్లేడు సులువుగా దూరిందంటే గాడి అరిగిపోయినట్టే.

నెత్తి మందం ఇలా కొలుస్తారు. పైకి ఒక కాలు, లోపలికి ఒక కాలు వెళ్ళేట్టు ఉండే వంపు కాళ్ళ కాలిపర్ తీసుకో. పాకెట్ పడబోయే చోట, సరిగ్గా ఆ బిందువు దగ్గరే పట్టాలి. మధ్యలో కొలిచి అంతటా అంతే ఉంటుందనుకుంటే దెబ్బతింటాం. డోమ్ లోపలి వైపు కూడా గుల్లగా ఉండొచ్చు. పైన ఎత్తు కనిపించింది కదా అని లోపల మందం ఉందని అర్థం కాదు. పాకెట్ కోశాక ఫోర్జ్‌డ్ అయితే అయిదు మిల్లీమీటర్లు, పోత అయితే ఆరు మిగలాలని నా హద్దు. రేసువాళ్ళు ఇంకా పలచగా పోతారు, వాళ్ళు ప్రతి కొన్ని గంటలకీ విప్పి చూసుకుంటారు, మనం చూసుకోం.

ఇందులో ఎక్కువమంది పట్టించుకోని చోటు ఒకటుంది. పెంట్‌రూఫ్ హెడ్‌లో, అంటే ఛాంబర్ ఇంటి కప్పులా రెండు వైపులా వాలుగా ఉండే హెడ్‌లో, వాల్వులు నిటారుగా దిగవు, వాలుగా సిలిండర్ మధ్యకి జరుగుతూ దిగుతాయి. అందువల్ల వాల్వు తల బయటి అంచు, అంటే సిలిండర్ గోడ వైపు అంచు, అన్నిటికంటే కిందికి ఉంటుంది. పిస్టన్‌కి ముందు తగిలేది అదే, కోత లోతుగా పడేదీ అక్కడే. దాని కిందే టాప్ రింగ్ గాడి ఉంటుంది. నెత్తి మధ్యలో ఎనిమిది మిల్లీమీటర్లు ఉందని మురిసిపోతుంటే, పాకెట్ మూలకీ రింగ్ గాడికీ మధ్య రెండు మిల్లీమీటర్లు కూడా మిగలకపోవచ్చు. అక్కడ కనీసం మూడు ఉంచు. పిస్టన్‌లో అతివేడిగా ఉండే భాగాల్లో అదొకటి. నాకింగ్ దెబ్బ మొదట పడేదీ అక్కడే. ఎగ్జాస్ట్ వైపు అయితే మరీను.

ఇప్పుడు వాల్యూమ్ లెక్క. దీనికి పెద్ద సామాను అక్కర్లేదు. మందుల షాపులో 50 ఎంఎల్ సిరంజి, అర అంగుళం మందమైన యాక్రిలిక్ ముక్క, దానికి ఒక మూలగా చిన్న రంధ్రం, కాస్త గ్రీజు, రంగు నీళ్ళలో రెండు చుక్కల సబ్బు చాలు. హెడ్ బోర్లా పెట్టి, ప్లగ్ బిగించి, ఛాంబర్ అంచున గ్రీజు రాసి యాక్రిలిక్ అతికించి, బుడగ లేకుండా నింపితే ఎంత పట్టిందో అదే ఛాంబర్ వాల్యూమ్. నాలుగూ కొలువు. తేడా అర సీసీ దాటితే చిన్నవాటిని పెద్దదాని స్థాయికి తీసుకురా.

డోమ్ వాల్యూమ్ కొలవడానికి ఒక కిటుకుంది. ఎస్టీమ్ బోర్ 74, స్ట్రోక్ 75.5. పిస్టన్ అంచు, అంటే డోమ్ కాకుండా చుట్టూ ఉండే చదునైన భాగం, బ్లాక్ ముఖం నుంచి సరిగ్గా పది మిల్లీమీటర్లు దిగేట్టు డయల్ గేజ్‌తో సర్దు. రింగుల పైన సందులో గ్రీజు పూసి, పైన యాక్రిలిక్ వేసి నింపు. డోమ్ లేకపోతే అక్కడ 43 సీసీ పట్టాలి. 39 పట్టిందనుకో, డోమ్ నాలుగు సీసీ అన్నమాట. డోమ్ పది మిల్లీమీటర్ల కంటే ఎత్తుంటే పిస్టన్‌ని ఇంకా దించి ఆ లోతుకి లెక్క వేసుకో.

ఒక ఉదాహరణ వేసి చూపిస్తాను. నీ అంకెలు వేరుగా రావచ్చు, పద్ధతి మాత్రం ఇదే. ఒక సిలిండర్ స్వెప్ట్ వాల్యూమ్, అంటే పిస్టన్ కింది నుంచి పైదాకా కదిలే చోటు, 324.7 సీసీ. ఛాంబర్ 30.5 అనుకుందాం. బిగించాక గాస్కెట్ మందం 1.2 మిల్లీమీటర్లు, దాని రంధ్రం 75 మిల్లీమీటర్లు అయితే అందులో 5.3 సీసీ. పిస్టన్ అంచు టాప్‌లో (పిస్టన్ అతి పైకి వచ్చిన చోట) బ్లాక్ ముఖానికి 0.3 మిల్లీమీటర్లు కిందే ఆగితే అక్కడ 1.3 సీసీ. మొత్తం 37.1, అందులోంచి డోమ్ నాలుగు తీసేస్తే 33.1. స్వెప్ట్ వాల్యూమ్‌కి దీన్ని కలిపి, మళ్ళీ దీంతోనే భాగిస్తే 10.8 వస్తుంది. బాగుంది. ఇప్పుడు నాలుగు పాకెట్లు ఒక్కోటి 0.4 సీసీ చొప్పున కోశావు. 33.1 కాస్తా 34.7 అయింది, కంప్రెషన్ 10.4కి దిగింది. దాదాపు అరపాయింటు పాకెట్లలోనే పోయింది. ఈ సంగతి కోసే ముందు తెలియాలి. కోశాక తెలిస్తే మేస్త్రి "అయితే హెడ్ ఇంకో అర మిల్లీమీటరు తీద్దాం" అంటాడు, వాల్వులు మళ్ళీ పిస్టన్ మీదికొస్తాయి.

పై లెక్కలో కంప్రెషన్ కంటే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది స్క్విష్. పిస్టన్ చదును అంచుకీ హెడ్ చదునుకీ మధ్య సందు 0.3, గాస్కెట్ 1.2, కలిపి ఒకటిన్నర మిల్లీమీటర్లు. అది ఎక్కువ. ఆ సందు ఒక మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటే పిస్టన్ పైకి వచ్చేటప్పుడు అంచుల్లోని మిశ్రమం మధ్యకి చిమ్ముతుంది, మంట త్వరగా పాకుతుంది, అంచుల్లో మండకుండా మిగిలే మిశ్రమం చల్లగా ఉంటుంది. నాకింగ్ అంటే ఆ అంచుల్లో మిగిలినది మంట చేరకముందే ఒక్కసారిగా పేలడమే. మంచి స్క్విష్ ఉన్న 10.5 ఇంజన్, సందు వదులుగా ఉన్న 10 ఇంజన్ కంటే సుఖంగా నడవగలదు. అందుకే ముందు బ్లాక్ ముఖం 0.3 తీయించు, పిస్టన్ అంచు ముఖంతో సమానమవుతుంది. తర్వాత గాస్కెట్ మందం చూసుకో. ఒక మిల్లీమీటరుకి బిగిసే గాస్కెట్ దొరికితే సరిపోయింది. కోసిన పాకెట్లతో కూడా బ్లాక్ 0.3 తీస్తే మళ్ళీ 10.7 వస్తుంది, పలచని గాస్కెట్ వేస్తే ఇంకా పైకి పోతుంది. అప్పుడు డోమ్ అంచులు గుండ్రం చేసి, పాకెట్లు కాస్త ధారాళంగా ఇచ్చి 10.5కి దించుకో. కంప్రెషన్ మిగులు ఉండి దించుకోవడం ఎప్పుడూ సులువు. స్క్విష్ కొలవడానికి పిస్టన్ అంచు మీద, పిన్‌కి సమాంతరంగా రెండు వైపులా సోల్డర్ తీగ ముక్కలు అంటించి, హెడ్ బిగించి ఒక చుట్టు తిప్పు. నలిగిన తీగ మందాన్ని మైక్రోమీటర్‌తో చూడు. 0.8 కంటే తక్కువకి పోవద్దు. ఆర్‌పీఎం పెరిగితే కనెక్టింగ్ రాడ్ సాగుతుంది, పిస్టన్ ఊగుతుంది.

హెడ్ ఫేసింగ్ వల్ల ఇంకొకటి జరుగుతుంది. క్యామ్ క్రాంక్‌కి దగ్గరవుతుంది, టైమింగ్ బెల్టు బిగువు వైపు పొడవు తగ్గుతుంది, క్యామ్ వెనకబడుతుంది. అర మిల్లీమీటరు తీస్తే క్రాంక్ లెక్కలో సుమారు ఒక డిగ్రీ. పెద్ద విషయం కాదు గానీ వాల్వు సందు కొలిచేటప్పుడు ఇది కూడా అందులోనే కలిసి రావాలి. అందుకే ఆ కొలతని ఫేసింగులన్నీ అయ్యాకే పెట్టుకోమంటున్నాను.

వాల్వుకీ పిస్టన్‌కీ సందు కొలవడానికి అందరూ చెప్పేది పిల్లలు ఆడుకునే క్లే పద్ధతి. పిస్టన్ మీద క్లే పరిచి, వాల్వులకి నూనె రాసి, అసలు వాడబోయే మందం గాస్కెట్ పెట్టి హెడ్ బిగించి, బెల్టు వేసి, రెండు పూర్తి చుట్లు తిప్పి, విప్పి, బ్లేడుతో కోసి మందం చూడ్డం. గుర్తు ఎక్కడ పడుతుందో తెలుసుకోవడానికి ఇది బాగుంటుంది. అంకె కోసమైతే నేను డయల్ గేజ్ నమ్ముతాను. ఒక సిలిండర్ వాల్వులకి అసలు స్ప్రింగులు తీసేసి, హార్డ్‌వేర్ షాపులో దొరికే మెత్తటి స్ప్రింగులు వెయ్యి. టాపెట్ సందు సరిగ్గా పెట్టు. క్రాంక్‌కి డిగ్రీ చక్రం కట్టి, ఓవర్‌ల్యాప్ టాప్‌కి (ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్‌టేక్ తెరుచుకునే టాప్‌కి) ముందు ఇరవై డిగ్రీల నుంచి తర్వాత ఇరవై డిగ్రీల దాకా రెండేసి డిగ్రీలు జరుపుతూ, ప్రతి చోటా వాల్వుని వేలితో పిస్టన్‌కి తగిలేదాకా నొక్కి ఎంత కదిలిందో రాసుకో. అతి తక్కువ సందు సరిగ్గా టాప్‌లో రాదు. ఎగ్జాస్ట్‌కి టాప్‌కి పది డిగ్రీల ముందు, ఇన్‌టేక్‌కి పది డిగ్రీల తర్వాత అటూ ఇటూగా వస్తుంది. టాప్‌లో పెట్టి మాత్రమే చూసి "బాగానే ఉంది" అనేవాళ్ళ ఇంజన్లే ట్రాక్ మీద వాల్వులు వంచుకుంటాయి.

ఇన్‌టేక్ వైపు రెండు మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్ వైపు రెండున్నర, చుట్టూ అంచుకి 1.25 మిల్లీమీటర్లు ఉండాలి. ఎగ్జాస్ట్‌కి ఎక్కువ ఎందుకంటే అక్కడ పిస్టన్ పైకి వస్తూ వాల్వుని తరుముతుంటుంది. గేరు తప్పి ఆర్‌పీఎం ఎగిరినప్పుడు స్ప్రింగు వెనకబడితే దెబ్బ అక్కడే తగులుతుంది. వాల్వు తల వేడికి పొడవు సాగడం కూడా ఉంది.

ఇక కోత. చేతి గ్రైండర్‌తో పెట్టిన గుంటకి లోతు హద్దు ఉండదు, నాలుగు పిస్టన్లకీ ఒకేలా రాదు, మూలలు వాడిగా మిగులుతాయి. మిల్లింగ్ మిషన్ మీద చేయించు. విజయవాడ ఆటోనగర్లో డై పని చేసే మిల్లింగ్ షాపులకి ఇది ఒక పూట పని. నువ్వు తీసుకెళ్ళాల్సినవి రెండు: పాకెట్ మధ్యబిందువు గుర్తు, వాల్వు కోణం. మధ్యబిందువు కోసం పాత వాల్వు ఒకటి తీసుకుని, దాని తల మధ్యలో సూదిమొన గట్టిగా నిలబెట్టి, హెడ్ బిగించి, పిస్టన్‌ని ఇందాక అతి తక్కువ సందు వచ్చిన డిగ్రీ దగ్గర నిలిపి, వాల్వుని మెల్లగా దించి తట్టు. నీలం రంగు పూసిన పిస్టన్ మీద చుక్క పడుతుంది. కోణాన్ని హెడ్ ముఖానికీ వాల్వు కాండానికీ మధ్య కొలిచి రాసివ్వు. కట్టర్ వ్యాసం వాల్వు తల కంటే రెండున్నర మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, కట్టర్ మూలకి చిన్న గుండ్రం ఉండాలి. వాడి మూల పగులుకి మొదలు.

పిస్టన్‌ని పట్టుకోవడంలోనే సగం పాడు చేస్తారు. స్కర్ట్ గుండ్రం కాదు, కొంచెం కోలగా, పైనుంచి కిందికి కొంచెం పీపాలా ఉంటుంది. మూడు దవడల చక్‌లో బిగిస్తే ఆ ఆకారం పోతుంది, బోర్లో వేశాక ఒక వైపు గీసుకుంటుంది. స్కర్ట్ అడుగు అంచు కూర్చునేట్టు ఒక ప్లేటు తిరగేయించి, గజన్ పిన్‌లోంచి బోల్టుతో కిందికి లాగి బిగించే ఫిక్స్చర్ చేయించు. పాత ఇనప ముక్కతో అయిపోతుంది. కిరోసిన్ చుక్కలు వేస్తూ కొయ్యమను, లేకపోతే అల్యూమినియం కట్టర్‌కి అతుక్కుని ముఖం చిరిగిపోతుంది.

ముందు ఒకే ఒక్క పిస్టన్ కొయ్యి. అదీ కావలసిన లోతుకి 0.3 తక్కువగా. తెచ్చి బిగించి మళ్ళీ డయల్ గేజ్ పెట్టి కొలువు. లెక్క కుదిరితే మిగతా కొంచెం తీసి, అదే సెట్టింగులో మిగిలిన మూడూ చేయించు. మేస్త్రి విసుక్కుంటాడు, టీ తాగించు. పాకెట్ లోతు పెరిగి మందం నా హద్దు కిందికి పోయేట్టుంటే అక్కడే ఆపు. ఆ పిస్టన్లు ఆ హెడ్‌కి పనికిరావు. మందమైన గాస్కెట్ వేసి సర్దుకోవచ్చు గానీ, స్క్విష్ పోతుంది, కంప్రెషన్ పోతుంది, ఇంత శ్రమ ఎందుకు పడ్డట్టు?

కోత అయ్యాక పాకెట్ అంచులు, డోమ్ అంచులు అన్నీ వేలితో తడిమి చూడు. గీరుకునే ప్రతి అంచునీ 400 నంబరు ఎమెరీతో అర మిల్లీమీటరు గుండ్రం చెయ్యి. పలచని వాడి అంచు ఎర్రబడుతుంది, ప్లగ్ కంటే ముందే అదే అంటిస్తుంది. నాకింగ్ పడితే రింగ్ గట్లు విరుగుతాయి, నెత్తి అంచున ఇసుక కొట్టినట్టు గుంటలు పడతాయి. ఇలా ముందే అంటుకుంటే మాత్రం నెత్తి మధ్యలో కరిగి బెజ్జం పడుతుంది. విప్పినప్పుడు రెండిటికీ తేడా గుర్తుపడితే తర్వాత ఏం మార్చాలో తెలుస్తుంది.

బరువుకి బంగారం కొట్టులో వాడే తూకం సరిపోతుంది. పిస్టన్, పిన్, రింగులు, లాకులు కలిపి నాలుగు సెట్లూ ఒక గ్రాము లోపు రావాలి. 7000 ఆర్‌పీఎంలో, 75.5 స్ట్రోక్‌తో, టాప్ దగ్గర పిస్టన్ మీద పడే త్వరణం గురుత్వానికి రెండు వేల రెట్లకి పైమాటే. పావుకిలో పిస్టన్ ఆ క్షణంలో ఆరువందల కిలోల పైన బలంతో పిన్‌ని లాగుతుంది. రెండు గ్రాముల తేడా అంటే నాలుగైదు కిలోల గుద్దు, అదీ ప్రతి చుట్టుకీ. బరువు తగ్గించాల్సి వస్తే పిన్ బాస్ అడుగు గట్టు నుంచి కొద్దిగా తియ్యి. స్కర్ట్‌కి రంధ్రాలు పెట్టడం, పిన్ బాస్ పక్క పక్కటెముకలు కోయడం చెయ్యకు.

నువ్వు అడగలేదు గానీ ఎవరో ఒకరు నీకు చెప్పే మాట ఇంకొకటి ఉంది: మామూలు పిస్టన్ నెత్తి మీద అల్యూమినియం వెల్డింగ్ పోసి డోమ్ చేసెయ్యొచ్చని. వద్దు. పిస్టన్ లోహం హీట్ ట్రీట్‌మెంట్ వల్లే గట్టిగా ఉంటుంది. వెల్డింగ్ వేడికి ఆ గట్టిదనం పోతుంది, రింగ్ గాడులు వంకర పోతాయి. అలాంటి పిస్టన్ చూడ్డానికి అందంగానే ఉంటుంది, మొదటి ఎండలో మెత్తబడుతుంది.

బోర్ క్లియరెన్స్ పిస్టన్ రకాన్ని బట్టి ఉంటుంది. పోత పిస్టన్‌కి ఈ బోర్లో 0.04 చాలు. సిలికాన్ తక్కువ ఉన్న ఫోర్జ్‌డ్ అయితే దాదాపు రెట్టింపు కావాలి, చల్లగా ఉన్నప్పుడు కొంచెం కొట్టుకునే చప్పుడు వస్తుంది, అది మామూలే. పిస్టన్‌ని పిన్‌కి అడ్డంగా, తయారీదారు చెప్పిన ఎత్తులో కొలవాలి. టాప్ రింగ్ కొన సందు 74 బోర్‌కి 0.30 సాధారణం. నువ్వు 0.35 పెట్టుకో. వేడెక్కి రెండు కొనలూ కలుసుకుంటే రింగు గట్టునే పెకిలించేస్తుంది. కొంచెం ఎక్కువైతే పోయేది కాస్త కంప్రెషన్ మాత్రమే. రింగులు మాత్రం కొత్తవే కొను. మన దగ్గర గోయెట్జ్, ఉషా లాంటివి సులువుగా దొరుకుతాయి, కానీ నీ పిస్టన్ గాడి వెడల్పుకి సరిపోయేవో కాదో ముందు చూసుకో.

స్టార్ట్ చేశాక ఇగ్నిషన్ టైమింగ్ మూడు నాలుగు డిగ్రీలు వెనక్కి పెట్టి మొదలుపెట్టు. ప్లగ్ ఒక మెట్టు చల్లనిది వెయ్యి. ఎన్‌జీకేలో అంకె పెరిగితే చల్లన, బాష్‌లో అంకె తగ్గితే చల్లన, షాపులో తారుమారు చేస్తుంటారు. హెల్మెట్ పెట్టుకుని, సైలెన్సర్ లేని బండిలో నాకింగ్ చెవికి వినపడదు. రాగి గొట్టం కొన నలగ్గొట్టి, రంధ్రం పెట్టి బ్లాక్‌కి బోల్టు చేసి, రెండో కొనకి రబ్బరు పైపు తొడిగి డ్రైవర్ చెవి మఫ్‌లోకి తీసుకో. ఖర్చు దాదాపు ఏమీ లేదు. గులకరాళ్ళు డబ్బాలో ఊపినట్టు వినపడితే వెంటనే యాక్సిలరేటర్ వదిలెయ్. ఆ చప్పుడు రానంతవరకు ఒక్కో డిగ్రీ ముందుకి తెచ్చుకుంటూ పో. టైమ్ మెరుగుపడటం ఆగిన చోటే నువ్వూ ఆగు, నాకింగ్ వచ్చేదాకా లాగనక్కర్లేదు. మొదటి ఈవెంట్ అయ్యాక ప్లగ్‌లు విప్పి భూతద్దంతో చూడు. పింగాణీ మీద మిరియపు పొడి చల్లినట్టు నల్ల చుక్కలు గానీ, మెరిసే అల్యూమినియం రవ్వలు గానీ ఉంటే పిస్టన్ కరగడం మొదలైనట్టే, ఆ రోజు ఇక బండి తీయకు.

ఈ బండిని రోడ్డు మీద కూడా తిప్పుదామనుకుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. రిజిస్ట్రేషన్ పుస్తకంలోని తయారీదారు వివరాలకి విరుద్ధంగా మార్పులు చేయకూడదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. ట్రాక్ బండిని ట్రక్కు మీద తీసుకెళ్ళు.

ముప్పై వేల పంపకం ఇలా చెయ్యి. మొదట డై పెనెట్రెంట్, కొలతలు. పిస్టన్లు గట్టెక్కితే రింగులు, బేరింగులు, గాస్కెట్ సెట్టు. తర్వాత బ్లాక్ ఫేసింగ్, హోనింగ్ (సిలిండర్ గోడ సన్నగా రుద్దడం). చివర్లో మిల్లింగ్. పిస్టన్లు మొదటి మెట్టులోనే తప్పితే ఆ డబ్బు తీసుకెళ్ళి కంపెనీ చదును పిస్టన్లు కొను, బ్లాక్, హెడ్ ఫేసింగ్‌తో వచ్చినంత కంప్రెషన్ తీసుకో, మిగిలింది టైర్లకి పెట్టు. ఆటోక్రాస్‌లో ఆ టైర్లే నీకు ఎక్కువ సెకన్లు తగ్గిస్తాయి. పాకెట్ పడే చోట నెత్తి మందం, రింగ్ గాడికి దూరం, ఛాంబర్, డోమ్ సీసీలు, క్యామ్ ఏదో రాసి పంపు. ఎంత లోతు కోయాలో లెక్క వేసి చెప్తాను. అప్పటిదాకా ఆ మేస్త్రి చేతికి పిస్టన్లు ఇవ్వకు.